టెన్నిస్ బాల్ తెలుసు, టెన్నిస్ తెలియదు: 1877లో గీసిన గీత బోధన్ పిల్లల దాకా ఎలా వచ్చింది?



ఈ రోజు ఎపిసోడ్ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. మీ చిన్నప్పుడు ఇంట్లో టెన్నిస్ బాల్ ఉండేదా? ఉండే ఉంటది. మా బోధన్ సైడు ఏ గల్లీకి పోయినా, ఏ పిల్లగాడి జేబు తడిమినా ఒక టెన్నిస్ బాల్ దొరుకుతది. దానికి ఎలక్ట్రికల్ టేప్ చుట్టినం, కాల్వలో పడితే ఈది తెచ్చినం, పక్కింటి మిద్దె మీద పడితే గోడలెక్కినం. మరి ఆ బాల్‌తో ఎప్పుడైనా టెన్నిస్ ఆడినమా? లేదు కదా. అంతా క్రికెట్టే. మన ఊళ్లల్ల టెన్నిస్ బాల్ ప్రతి ఇంటికీ వచ్చింది. టెన్నిస్ మాత్రం రాలేదు.

ఎందుకు రాలేదు అంటే అందరూ చెప్పే జవాబు ఒక్కటే. "అది పెద్దోళ్ల ఆట, పైసలున్నోళ్ల ఆట." అందులో నిజం ఉంది. కానీ అంతకన్నా చిన్న కారణం, ఎవరూ పట్టించుకోని కారణం ఇంకొకటి ఉంది. అది ఒక గీత. 1877లో లండన్‌లో ముగ్గురు పెద్దమనుషులు గీసిన గీత. ఈ ఎపిసోడ్ ఆ గీత చరిత్ర. ఆ గీతని చిన్న పిల్లల కోసం ఎవరు చెరిపిండ్రు, ఎట్ల చెరిపిండ్రు, ఆ చెరిపిన పని అనంతపురం దాకా ఎట్ల వచ్చింది, మన నిజామాబాద్ దాకా ఎట్ల తెచ్చుకోవచ్చు అన్నది కథ.

ముందు నా సొంత కథ ఒక్కటి చెప్తా. ఎందుకంటే ఈ ఎపిసోడ్ అక్కడి నుంచే పుట్టింది.

ఏడో బాల్

నాకు తొమ్మిదేళ్లు. మా నాన్న చెరుకు రైతు. ఒక పని మీద టౌన్‌కి పోతూ నన్ను కూడా తీసుకుపోయిండు. అక్కడ ఒక సిమెంట్ కోర్టు ఉండె. ఎక్కడ, ఎవరిది అన్నది వద్దు. పెద్దోళ్లు సాయంత్రం ఆడేటోళ్లు, బయటికి పోయిన బాళ్లు మేం ఏరిచ్చేటోళ్లం. ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు కోచింగ్ అన్నరు. నేను ఎగురుకుంటూ పోయిన. పద్నాలుగు మందిమి లైన్‌లో నిలబడ్డం. ఒక్కటే రాకెట్, అది కూడా పెద్దోళ్లది. కోచ్ అవతలి నుంచి బాల్ వేస్తడు, కొట్టి లైన్ చివరికి పోవాలె. మళ్లీ వంతు రావడానికి పది నిమిషాలు పట్టేది.

మొత్తం మీద నాకు ఏడు బాళ్లు వచ్చినయ్. ఆరు తగలలేదు. ఏడోది భుజం మీదికి లేచి సీదా నా పెదవికి తగిలింది. రక్తం వచ్చింది. "ఈ పిల్లగానికి చేయి లేదు" అన్నరు. అంతే. ఆ మాట నేను ఇరవై ఏళ్లు నమ్మిన. బీటెక్ చేసిన, హైదరాబాద్‌ల ఐదేళ్లు కోడ్ రాసిన, ఆఫీస్ టేబుల్ టెన్నిస్ టేబుల్ దగ్గరికి కూడా పోలేదు. నాకు చేయి లేదు కదా!

ఈ ఎపిసోడ్ కోసం చదువుతుంటే ఒక నంబర్ కనబడ్డది. మామూలు టెన్నిస్ బాల్‌ని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీదికి వదిలితే అది 135 నుంచి 147 సెంటీమీటర్ల దాకా లేవాలి. ఇది అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య, అంటే ఐటీఎఫ్ పెట్టిన రూల్. అంతకన్నా తక్కువ లేస్తే అది టెన్నిస్ బాల్ కాదు. తొమ్మిదేళ్ల పిల్లగాని ఎత్తు ఎంతుంటది? సుమారు 130. ఆరేళ్ల పాప ఎత్తు 115 చుట్టూ. అంటే రూల్ ప్రకారం బాల్ సరిగ్గా లేస్తే, పిల్లల తల మీదుగా పోతది. లేదంటే నాలాగ మూతికి తగులుతది.

అది చదివి కాసేపు లాప్‌టాప్ మూసి కూర్చున్న. నాకు చేయి లేకపోవడం కాదు. ఆ బాల్ నా కోసం చేసింది కాదు.

డబ్బాలో అమ్మిన ఆట

ఇప్పుడు వెనక్కి పోదాం. 1874 ఫిబ్రవరి. బ్రిటన్‌ల మేజర్ వాల్టర్ వింగ్‌ఫీల్డ్ అనే ఒక సైనికాధికారి ఒక పేటెంట్ తీసుకున్నడు. పచ్చిక మీద ఆడే కొత్త ఆట. దానికి పెట్టిన పేరు "స్ఫైరిస్టికే". గ్రీకు పేరు, ఎవరికీ నోరు తిరగలేదు. జనం లాన్ టెన్నిస్ అనే పిలిచిండ్రు. ఆయన చేసిన తెలివైన పని ఏంటంటే, ఆటని డబ్బాలో పెట్టి అమ్మిండు. రాకెట్లు, బాళ్లు, నెట్టు, రూల్స్ పుస్తకం, అన్నీ ఒక్క డబ్బాల. ఈ రోజుల్ల స్టార్టప్ అనేటోళ్లం. ఆయన కోర్టు మధ్యల సన్నగ, చివర్ల వెడల్పుగ, ఇసుక గడియారం లెక్క ఉండేది.

గమనించండి, అప్పటికి ఆ ఆటకి ఇంకా గట్టి కొలత లేదు. ఎవరి తోట ఎంతుంటే అంత.

1877ల వింబుల్డన్ టోర్నమెంట్ మొదలైంది. దానికి ముందు ముగ్గురితో ఒక కమిటీ కూర్చుంది. జూలియన్ మార్షల్, హెన్రీ జోన్స్, సి.జి. హీత్‌కోట్. వాళ్లు ఇసుక గడియారాన్ని తీసేసి నాలుగు మూలల కోర్టు గీసిండ్రు. 78 అడుగుల పొడవు, 27 అడుగుల వెడల్పు. మీటర్లల్ల 23.77, 8.23. తర్వాత నెట్టు ఎత్తు మారింది, సర్వీస్ గీతలు మారినయ్, రాకెట్ కట్టె నుంచి అల్యూమినియం, అక్కడి నుంచి గ్రాఫైట్ అయ్యింది, బాల్ రంగు టీవీలో కనబడాలని 1972ల పసుపు అయ్యింది. ఆ 78 అడుగులు, 27 అడుగులు మాత్రం ఇప్పటికీ అవే.

మా సాఫ్ట్‌వేర్ భాషల దీన్ని హార్డ్‌కోడ్ చేయడం అంటం. ఎవడో ఒకడు తన అవసరానికి ఒక నంబర్ రాసి పెడ్తడు. తర్వాత వచ్చినోళ్లు అది ఎందుకు రాసిండో అడగరు. ముట్టుకుంటే ఏదో విరుగుతదని భయం. ఆ ముగ్గురు తప్పు చేసిండ్రు అంటలేను. వాళ్లు ఎదిగిన మగవాళ్ల టోర్నమెంట్ కోసం గీసిండ్రు, మంచిగనే గీసిండ్రు. ఆరేళ్ల పిల్ల అక్కడ నిలబడ్తదని వాళ్లకు ఎందుకు తోస్తది?

కంటోన్మెంట్ నుంచి క్లబ్ దాకా

మన దేశానికి ఈ ఆట తెల్లదొరలతో వచ్చింది. కంటోన్మెంట్లు, కలెక్టర్ బంగళాలు, క్లబ్బులు. 1878ల సికింద్రాబాద్ క్లబ్, తర్వాత హైదరాబాద్‌ల నిజాం క్లబ్ వచ్చినయ్. 1908ల సర్దార్ నిహాల్ సింగ్ వింబుల్డన్‌ల ఆడిన మొదటి భారతీయుడు. 1920ల అఖిల భారత లాన్ టెన్నిస్ సంఘం పుట్టింది. 1939ల గౌస్ మొహమ్మద్ వింబుల్డన్ క్వార్టర్ ఫైనల్ దాకా పోయిండు.

ఇదంతా క్లబ్ గోడల లోపలి కథ. గోడ బయట ఉన్న పిల్లలు ఈ ఆటని ఎట్ల నేర్చుకున్నరు? బాళ్లు ఏరుకుంట. బాల్ బాయ్‌గా చేరి, పెద్దోళ్లు ఆడుతుంటే చూసి, వాళ్లు పోయినంక పాత రాకెట్‌తో గోడకు కొట్టుకుంట నేర్చుకున్నోళ్లు దేశమంతా ఉన్నరు. వాళ్లల్ల కొందరిని క్లబ్బులు మార్కర్లుగ పెట్టుకున్నయ్. మార్కర్ అంటే సభ్యులకు జోడీగ ఆడేటోడు, నేర్పేటోడు. అంటే మన దగ్గర నేర్పేటోళ్లల్ల చాలామందికి ఎవరూ నేర్పలేదు. చూసి నేర్చుకున్నరు, తట్టుకున్నోళ్లు మిగిలిండ్రు. అందుకే "తట్టుకుంటే ఉంటవ్, లేకుంటే పో" అన్న పద్ధతే నేర్పే పద్ధతి అయిపోయింది. నా పెదవికి తగిలిన ఏడో బాల్ వెనక ఇంత చరిత్ర ఉందన్నట్టు!

సానియా మీర్జా కథ కూడా ఒకసారి గుర్తు చేసుకోండి. హైదరాబాద్‌ల ఆరేళ్లప్పుడు వాళ్లమ్మ టెన్నిస్‌కి తీసుకపోతే, కోచ్ మొదట మరీ చిన్నపిల్ల అని వద్దన్నడట. నెల తిరిగేసరికి ఆయనే ఇంటోళ్లను పిలిచి, ఈ వయసుల ఇట్ల ఆడే పిల్లను చూడలేదన్నడట. ఆ పిల్ల 2015 ఏప్రిల్‌ల డబుల్స్‌ల ప్రపంచ నంబర్ వన్ అయ్యింది. మనం ఆ కథ విని చప్పట్లు కొడ్తం. నాకు మాత్రం వేరే ప్రశ్న వస్తది. వాళ్లమ్మ ఆ రోజు సరే అని ఇంటికి తీసుకపోయి ఉంటే? "మరీ చిన్నపిల్ల" అన్న మాటతో ఇంటికి తిరిగిపోయినోళ్లు ఎంతమంది?

అదే 2015 డిసెంబర్‌ల మా బోధన్‌ల ఏం జరిగిందో నిజామాబాద్ వాళ్లకు చెప్పనక్కర్లేదు. 1931ల మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది, కాల్వలు వచ్చినయ్, చెరుకు వచ్చింది. 1937ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టిండ్రు, దాని చుట్టూ శక్కర్‌నగర్ లేచింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటని మా తాత గర్వంగ చెప్పెటోడు. 2002ల ప్రైవేట్ చేతికి పోయింది. 2015 డిసెంబర్‌ల మూతపడ్డది. ఫ్యాక్టరీ ఉన్న ఊరికి సైరన్ ఉంటది, జీతాల రోజు ఉంటది, సాయంత్రం ఆటకు వచ్చే పెద్దోళ్లు ఉంటరు. ఫ్యాక్టరీ పోతే మొదట జీతం పోతది. మెల్లగ సాయంత్రం కూడా పోతది. పిల్లల చేతిల ఫోన్ మిగులుతది. ఈ వీడియో కూడా మీరు ఫోన్‌లనే చూస్తున్నరు, నాకు తెలుసు, నేను నీతులు చెప్తలేను.

గీతని చెరిపినోళ్లు

సరే, అసలు మలుపు ఇక్కడ. 1970లల్ల స్వీడన్‌ల కొందరు కోచ్‌లు పిల్లల కోసం చిన్న కోర్టు, మెత్తని స్పాంజ్ బాల్, చిన్న రాకెట్‌తో ఆడించడం మొదలుపెట్టిండ్రు. షార్ట్ టెన్నిస్ అన్నరు. అక్కడి నుంచి అది బ్రిటన్‌కి, మిగతా యూరప్‌కి పాకింది. అదే టైంల, 1974ల, అమెరికాల తిమోతీ గాల్‌వే "ది ఇన్నర్ గేమ్ ఆఫ్ టెన్నిస్" అనే పుస్తకం రాసిండు. అందులో ఒక చిన్న ఆట ఉంది. బాల్ నేలకు తగిలినప్పుడు ఆడేటోడు "బౌన్స్" అనాలె, రాకెట్‌కి తగిలినప్పుడు "హిట్" అనాలె. అంతే. మోకాలు వంచు, మణికట్టు బిగించు అని ఎవరూ అరవరు. నోరు ఆ రెండు మాటలతో బిజీగ ఉంటది, మనసు భయపడే టైం దొరకదు, కన్ను బాల్ మీదనే ఉంటది.

2007ల ఐటీఎఫ్ "ప్లే అండ్ స్టే" అనే కార్యక్రమం మొదలుపెట్టింది. మొదటి రోజు నుంచే పిల్లలు సర్వ్ చేయాలి, ర్యాలీ ఆడాలి, పాయింట్ లెక్కపెట్టాలి అన్నది దాని మాట. దానికి మూడు రంగుల బాళ్లు.

ఎర్ర బాల్, మామూలు దానికన్నా దాదాపు 75 శాతం నెమ్మది. 254 సెంటీమీటర్ల నుంచి వదిలితే 90 నుంచి 105 సెంటీమీటర్లే లేస్తది. కోర్టు పొడవు సుమారు 11 నుంచి 13 మీటర్లు, నెట్టు 80 సెంటీమీటర్లు.

నారింజ బాల్, 50 శాతం నెమ్మది, 105 నుంచి 120 లేస్తది. కోర్టు సుమారు 18 మీటర్లు.

ఆకుపచ్చ బాల్, 25 శాతం నెమ్మది, 120 నుంచి 135. కోర్టు మాత్రం పూర్తిది.

ఇందులో నాకు బాగ నచ్చిన సంగతి చెప్తా. డబుల్స్ కోర్టు వెడల్పు 10.97 మీటర్లు. ఎర్ర బాల్ కోర్టు పొడవు కూడా దాదాపు అంతే. అంటే పెద్ద కోర్టుని అడ్డం తిప్పి చూస్తే, పిల్లల కోర్టులు పక్కపక్కన నాలుగు దాకా పడ్తయ్. పెద్దోళ్ల కోర్టు గీతల లోపలనే పిల్లల కోర్టు వందేళ్లు దాక్కొని ఉంది. ఎవరూ పక్కకు తిరిగి నిలబడి చూడలేదు.

2012 జనవరి నుంచి ఇది రూల్ కూడా అయ్యింది. పదేళ్లు, అంతకన్నా తక్కువ వయసు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బాల్ వాడొద్దని టెన్నిస్ నియమాల్లోనే రాసిండ్రు. 1877 నుంచి 2012. లెక్క వేసుకోండి, 135 ఏళ్లు. పిల్లలు పొట్టిగ ఉంటరు అని ఒప్పుకోవడానికి ఒక ఆటకి 135 ఏళ్లు పట్టింది.

అయితే దీనికి అవతలి వాదన కూడా వినాలె. మాస్కోల స్పార్టక్ క్లబ్‌ల లారిసా ప్రెయొబ్రాజెన్‌స్కాయా అనే పెద్దమ్మ నేర్పేది. అన్నా కూర్నికోవా చిన్నప్పుడు ఆమె దగ్గరే నేర్చుకుంది. అక్కడ పిల్లలు బాల్ లేకుండ, గాల్లోనే, మెల్లగ రాకెట్ ఊపుతూ వరసగ నిలబడి షాట్ నేర్చుకునేటోళ్లు. మొదటి మూడేళ్లు టోర్నమెంట్లు కూడా ఆడనిచ్చేది కాదట. అంటే ఆటల పద్ధతికి పూర్తిగ ఉల్టా. దాన్నుంచి కూడా ప్రపంచ స్థాయి ఆటగాళ్లు వచ్చిండ్రు. కాబట్టి డ్రిల్ చెడ్డది, గేమ్ మంచిది అని నేను చెప్పను. రెండు పద్ధతుల్ల కలిసే మాట ఒకటుంది, చూడండి. రెండింట్లోనూ పిల్ల మూతి మీదికి బాల్ రాదు. రెండింట్లోనూ పిల్ల లైన్‌ల నిలబడి పది నిమిషాలు ఎదురుచూడదు.

అనంతపురం

ఇదంతా తెల్లోళ్ల దేశాల కథ, మనకేంది అంటరా? అయితే అనంతపురం పోదాం.

వాన తక్కువ, కరువు ఎక్కువ ఉన్న ఆ జిల్లాల 1969ల విసెంటె ఫెర్రర్, ఆయన భార్య అన్నే కలిసి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ మొదలుపెట్టిండ్రు. అక్కడోళ్లు ఆర్డీటీ అంటరు. ఇండ్లు, బడులు, ఆసుపత్రులు, దాంతోపాటు ఆటల గ్రామం. ఫెర్రర్ 2009ల పోయిండు. మరుసటి ఏడు, 2010ల, స్పెయిన్ టెన్నిస్ వీరుడు రఫెల్ నాదల్ పేరున్న ఫౌండేషన్ ఆర్డీటీతో కలిసి అక్కడ ఒక టెన్నిస్ బడి తెరిచింది. ఆ అక్టోబర్‌ల నాదల్ స్వయంగ అనంతపురం వచ్చిండు. ఆ ఏడాది మూడు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన మనిషి, మన రాయలసీమ ఎండల పిల్లలతో నిలబడ్డడు.

నేను చెప్పదలుచుకున్నది నాదల్ గురించి కాదు. ఆ బడి కొలత గురించి. అక్కడికొచ్చే పిల్లలు పేద ఇండ్ల నుంచి, చుట్టుపక్కల సర్కారు బడుల నుంచి వస్తరు. టెన్నిస్‌తోపాటు ఇంగ్లీష్ పాఠం, కంప్యూటర్ పాఠం ఉంటయ్, తిండి చూసుకుంటరు. ఆడపిల్లలు, మగపిల్లలు, వేరే వేరే కులాల, మతాల పిల్లలు నెట్టుకి అటూ ఇటూ కలిసి ఆడతరు. ఛాంపియన్‌ని తయారు చేయడం వాళ్లు పెట్టుకున్న మొదటి లెక్క కాదు. పిల్ల బడి మానేయకుండ ఉందా, నలుగురిల నిలబడి మాట్లాడుతుందా, ఓడిపోతే చేయి కలుపుతుందా అన్నది లెక్క. "అయితే ఎంతమంది ఛాంపియన్లు వచ్చిండ్రు?" అని అడిగితే, ప్రశ్నే తప్పు అంట నేను. మన సర్కారు బడిల లెక్కలు నేర్పేది ప్రతి పిల్లా రామానుజన్ కావాలనా?

మా గ్రౌండ్‌ల ఐదు ఆటలు

ఉద్యోగం మానేసి ఊరికొచ్చినంక, పోయిన ఎండాకాలం మా అక్క కూతురుతోని, గల్లీ పిల్లలతోని ఆదివారాలు మొదలుపెట్టిన. పదకొండు మంది. ఆరు నుంచి తొమ్మిదేళ్ల లోపు. నేను కోచ్‌ని కాదు, ముందే చెప్తున్న. చదివిన దాన్ని మన ఆటలతో కలిపిన, అంతే. కావలసినోళ్లు రాసుకోండి.

ఒకటి, బెలూన్. బెలూన్‌ని అరచేత్తో కింద పడకుండ కొట్టాలె. బెలూన్ నెమ్మదిగ వస్తది కాబట్టి పిల్లకి దాని కిందికి పోయే టైం దొరుకుతది. ఆండీ ముర్రే తల్లి జూడీ ముర్రే కూడా తన పిల్లలతో ఇంట్ల ఇట్లనే బెలూన్లతో ఆడించేది. అరచేయి అలవాటైతే తర్వాత రాకెట్ అరచేయి అయితది.

రెండు, చెరుకు బండి. ఇది మా బోధన్ పేటెంట్! బాల్ అంటే చెరుకు కట్ట, రాకెట్ అంటే బండి. పొలం నుంచి ఫ్యాక్టరీ దాకా కింద పడకుండ మోసుకపోవాలె. పడితే మళ్లీ పొలానికి. రెండు జట్లు. రాకెట్ ముఖం ఎట్ల పట్టుకోవాలన్నది నేను ఒక్క మాట చెప్పకుండనే నేర్చుకున్నరు. ఒక పిల్లగాడు "అన్నా, ఫ్యాక్టరీ బందయ్యింది కదా, ఎక్కడ దింపాలె?" అన్నడు. ఏడేళ్లు వాడికి. అది బందైనప్పుడు వాడు పుట్టనే లేదు.

మూడు, బౌన్స్–హిట్. గాల్‌వేది. మేం "నేల", "దెబ్బ" అని మార్చినం. "నేల! దెబ్బ! నేల! దెబ్బ!" అని గ్రౌండంత అరుపులు. చిర్రగోనె ఆడినోళ్లకు ఇది తొందరగ వస్తది. చిర్ర గాల్లోకి లేచినప్పుడు గోనెతో కొట్టాలంటే కావాల్సింది కూడా ఇదే కదా, కన్ను, ఆ క్షణం.

నాలుగు, ఏడు పెంకులాట. పెంకులు పేర్చి, భుజం మీది నుంచి బాల్ విసిరి పడగొట్టాలె. ఇది సర్వీస్. నిజంగనే! టెన్నిస్ సర్వ్‌ల చేయి కదిలే తీరు, విసిరే చేయి కదిలే తీరు చాలా వరకు ఒక్కటే. విసరడం రాని పిల్లకు సర్వ్ రాదు. మన పిల్లలకు విసరడం తెలుసు. మామిడికాయలు ఊరికే రాలతయా?

ఐదు, కాల్వ. రెండు తాళ్లు నేల మీద పరిచి నిజాంసాగర్ కాల్వ అన్న. అవతలోడు బాల్ కొట్టే క్షణానికి ఇవతలోడు రెండు కాళ్ల మీద చిన్నగ ఎగిరి దిగాలె, అప్పుడు కాల్వ దాటి బాల్ వైపు ఉరకాలె. టెన్నిస్‌ల దీన్ని స్ప్లిట్ స్టెప్ అంటరు. తొక్కుడుబిళ్ల ఆడే ఆడపిల్లలు దీంట్ల మగపిల్లలను ఓడగొట్టిండ్రు.

ఒక్క రూల్ మాత్రం గట్టిగ పెట్టిన. లైన్ లేదు. లెక్క చూడండి. నలభై నిమిషాల క్లాస్, పది మంది పిల్లలు, ఒక్క రాకెట్ అయితే ఒక్కొక్కరికి వచ్చేది నాలుగు నిమిషాలు. ముప్పై ఆరు నిమిషాలు ముందున్నోని వీపు చూడడమే. అదే ఇద్దరిద్దరిని జతలు చేస్తే నలభైకి నలభై నిమిషాలు ఆటే. రాకెట్లు లేకుంటే చేతులు, అట్టముక్కలు, చెక్కపలకలు. ఎర్ర బాల్ దొరకకుంటే గాలి పోయిన పాత బాల్, స్పాంజ్ బాల్. కొత్త బాల్ మాత్రం వద్దు.

ఇప్పుడు ఒక పాప గురించి. పేరు చెప్పను. ఏడేళ్లు. మొదటి మూడు ఆదివారాలు గోడకు ఆనుకొని కూర్చుంది. పిలిస్తే తల అడ్డంగ ఊపేది. నాలుగో వారం అడిగితే, "అన్నా, నాకు రాదు, బడిల సార్ చెప్పిండు" అంది. నాకు నా పెదవి గుర్తొచ్చింది. ఏం చెప్పకుండ బెలూన్ ఇచ్చిన. పక్కకు పోయి ఒక్కతే ఆడుకుంది. ఆగస్టు వచ్చేసరికి మా అక్క కూతురుతోని తాడు మీదుగ ఇరవై మూడు దెబ్బలు. గ్రౌండంత లెక్కపెట్టింది. ఇరవై నాలుగోది తాడుకి తగిలింది. ఆ పాప నవ్వి, "మళ్లీ ఒకటి నుంచి" అంది. నేను వీడియో తీయడం మర్చిపోయిన. వీడియోలు తీయడమే పని పెట్టుకున్నోడిని!

కోర్టు లేదని ఎవరన్నరు?

ఇక కష్టమైన మాట. ఆ పాప నాన్న పోయిన నెల నన్ను అడిగిండు. "తమ్మీ, ఇప్పుడు మంచిగ ఆడుతుంది. తర్వాత ఏంది?" నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఎర్ర బాల్ తర్వాత నారింజ, తర్వాత ఆకుపచ్చ, తర్వాత నిజమైన కోర్టు, నిజమైన కోచ్, ప్రయాణాలు, పైసలు. అది నేను ఆదివారం తాడు కట్టి చేసేది కాదు. ఆశ పెట్టి చేయి వదిలేయడం కూడా తప్పే. అందుకే ఆయనకు రెండే మాటలు చెప్పిన. ఒకటి, పదేళ్ల దాకా అన్ని ఆటలూ ఆడనియ్యండి, ఉరకడం, ఎగరడం, విసరడం ఏ ఆటలకైనా పనికొస్తయ్. రెండు, "నాకు రాదు" అన్న మాట ఆ పాప నోటి నుంచి పోయింది, అది మళ్లీ రాకుండ చూసుకోండి. ఆయన సరే అన్నడు. కానీ ఆయన అడిగిన ప్రశ్న అట్లనే ఉంది. అది నా ఒక్కడిది కాదు, ఊరిది.

ఊరు చేయగలిగింది ఒకటుంది. వాలీబాల్ కోర్టు పొడవు ఎంత? 18 మీటర్లు. వెడల్పు 9. నారింజ బాల్ కోర్టు పొడవు సుమారు 18. షటిల్ కోర్టు ఎంత? 13.4 మీటర్ల పొడవు, 6.1 వెడల్పు. ఎర్ర బాల్ కోర్టుకి దాదాపు సరిపోతది. వాలీబాల్ గుంజలు లేని ఊరు మన నిజామాబాద్ జిల్లాల చూపెట్టండి. 2022ల ఊరూరా క్రీడా ప్రాంగణాలు అని బోర్డులు కూడా పెట్టిండ్రు. ఆ నెట్టుని కిందికి, నడుము దాకా దించండి. చాక్‌పీస్‌తోనో సున్నంతోనో గీతలు గీయండి. పిల్లల టెన్నిస్ కోర్టు తయారు. కొత్తగ కట్టేది ఏం లేదు.

కలెక్టరేట్ గ్రౌండ్‌ల నాన్న చేయి పట్టుకొని ఉరకడం మొదలుపెట్టిన నిఖత్ జరీన్ 2022ల ఇస్తాంబుల్‌ల బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. మన నిజామాబాద్ బిడ్డ. ఆమె మొదలైంది పెద్ద అకాడమీల కాదు, ఊరి గ్రౌండ్‌ల. ప్రతి గ్రౌండ్ నుంచి ఒక నిఖత్ రాదు, తెలుసు. కానీ గ్రౌండే లేకుంటే, ఉన్నా "నీకు చేయి లేదు" అంటే, ఆ ఒక్కటి కూడా రాదు.

లండన్‌ల ముగ్గురు గీసిన గీత 135 ఏళ్లు నిలబడ్డది, ఎందుకంటే అది ఎవరి కోసం గీసిండ్రో ఎవరూ అడగలేదు. మీ ఇంట్ల, మీ గల్లీల ఆరేడేళ్ల పిల్ల ఉంటే ఈ ఆదివారం ఒక బెలూన్ ఊదండి, ఒక తాడు కట్టండి. తర్వాత "నేల, దెబ్బ" అనండి. ఎన్ని దెబ్బలు కొట్టిండ్రో కింద రాయండి. మా పాప రికార్డ్ ఇరవై మూడు. ఈ ఎపిసోడ్ రాసేటప్పటికి ముప్పై ఒకటి అయ్యింది, అది వేరే సంగతి.

మళ్లీ కలుద్దాం. ఉంటా మరి. నమస్తే.